ఆటయు నంగడియు

తెలుఁగున ‘ఆట’ యను మాటకుఁ గల వ్యాప్తి సంస్కృతమున నే యొక్క పదమునకును లేదు. ‘ఆడు’ ధాతువునుండి పుట్టిన యీ పదము పిల్లల గోలీలాటకును జెల్లును, పెద్దల చదరంగమునకును జెల్లును, రాత్రియంతయు జనులు తెరయెదుటఁ గూర్చుండి చూచు రామాయణమునకును జెల్లును. సంస్కృతము క్రీడను వేఱుగను, నాట్యమును వేఱుగను నిలిపినది. వానికి ధాతువులే భిన్నములు. తెలుఁగువాఁడో, జూదమాడెను, నాటకమాడెను అని రెండింటిని నొక్క తీరుగనే పలుకును. ఇది భాషాదారిద్ర్యమని కొందఱందురు. నా కట్లు తోఁపదు. నియమమునకు లోఁబడి గెలుపోటములకు సిద్ధపడుటయు, వేషము పూని మఱియొకఁడుగా నుండుటయు మూలమున నొక్క వ్యాపారమే యని మన పూర్వులు గుర్తించిరనుటకు నీ పదమే సాక్ష్యము.

ఈ రెండర్థములును గలసిన క్రీడ యొకటి యేఁబది యేండ్లుగాఁ బాశ్చాత్యదేశములఁ బ్రబలినది. దానిని పాత్రధారణక్రీడ యనవచ్చును. ఆడువాఁడు వీరుఁడుగనో, మాంత్రికుఁడుగనో, దొంగగనో యొక పాత్రను బూని, ఆ పాత్ర యేమి చేయునో తానే నిర్ణయించుచుఁ గథను నడపును. ఇట్టి క్రీడలఁ గల్పించువారిలోఁ గొందఱు లక్షలాది జనుల నాశింపక, కొలఁదిమంది రసికులనే నమ్ముకొని పనిచేయుదురు. కూడు పెట్టునది యంగడి. కృతికిఁ బ్రాణము పోయునది నిష్ఠ. ఈ రెంటికిని విరోధము కలిగినపుడు కర్త యేమి చేయవలయు ననునది వారి ప్రశ్న. ఈ ప్రశ్న వారికి క్రొత్త గావచ్చును గాని మాకుఁ గాదు. అనంతపురము జిల్లాలోఁ గర్ణాటపు సరిహద్దున నున్న మా కుందుర్పి ప్రాంతమునకుఁ దెలిసిన తోలుబొమ్మలాట యీ ప్రశ్నతోనే యిన్ని దశాబ్దములు పోరాడినది. కావున దానిని ముందుంచుకొని, వ్యాకరణశాస్త్రము చూపిన దారిని, ఈ విషయమును విచారించెదను.

పాణినీయమున మూఁడవ యధ్యాయము మొదటి పాదమున ప్రేరణార్థక ప్రత్యయమును విధించు 26వ సూత్రముకడఁ బతంజలి యొక చిక్కుఁ గల్పించుకొనెను. కంసుఁడు చచ్చి యుగములు గడచెను. బలి కట్టువడి యుగములు గడచెను. ఇప్పు డొకఁడు కంసునిఁ జంపించుచున్నాఁడని వర్తమానమున నెట్లు చెప్పనగు? దీనికి భాష్యకారుఁడు మూఁడు తెఱఁగుల సమాధానము చెప్పెను. శౌభికులను ప్రదర్శకులు కన్నులయెదుటనే యా వధను నడపుదురు. చిత్రములందు ఎత్తిన చేతులును, పడిన దెబ్బలును గానవచ్చును. గ్రంథికులు శబ్దమాత్రము చేతనే, పుట్టువు మొదలు చావువఱకుఁ గథను జెప్పి, వినువారి బుద్ధియందుఁ గంసుని నిలుపుదురు. సభలోఁ గొందఱు కంసుని పక్షమును, గొందఱు వాసుదేవుని పక్షమును వహింతురనియు, వారి మొగముల రంగులు సైతము మాఱుననియు నతఁడు వ్రాసెను. జర్మను పండితుఁడు హైన్రిఖ్ ల్యూడర్సు 1916లో నీ శౌభికులు ఛాయానాటకము చూపువారని వాదించెను. ఆ వాదమును అందఱు నంగీకరింపలేదు. నాకుఁ గావలసినది వేఱు. ప్రదర్శకుఁడు, చిత్రము, గ్రంథము అని భాష్యకారుఁడు విడివిడిగాఁ జెప్పిన మూఁడును దోలుబొమ్మలాటయం దొక్కచోటఁ జేరినవి. బొమ్మ చిత్రము, దానిని ద్రిప్పువాఁడు ప్రదర్శకుఁడు, వాని నోటనున్న ద్విపద గ్రంథము. ఇందులో నే యొక్కటి తొలఁగినను మిగిలినది యాట కాదు.

రెండవ సాక్ష్యము మఱింత ముఖ్యమైనది. అయిదవ యధ్యాయము మూఁడవ పాదమునఁ బ్రతికృతి యను నర్థమున ‘క’ ప్రత్యయము విహితమైనది. గుఱ్ఱపు బొమ్మ అశ్వకము. ఆ ప్రకరణముననే 99వ సూత్రమున నొక విశేషము చెప్పఁబడినది. ప్రతికృతి జీవికకొఱకై యుండి, యమ్మకపుసరకు గానిచో నా ప్రత్యయము లోపించును. దేవతాప్రతిమను జూపి పొట్టఁబోసికొనువాని చేతనున్నది శివుఁడే, శివకము కాదు. అంగడిలో నమ్మునవి హస్తికములు, అశ్వకములు, రథకములు. పతంజలి యిచట బంగారము గోరి మౌర్యులు ప్రతిమలఁ గల్పించిరని యెత్తి చూపి, వానికి లోపము రాకపోవచ్చు ననియు, పూజకొఱకున్నవానికి వచ్చుననియుఁ దేల్చెను.

ఈ సూత్రము చరిత్రకారులకుఁ బలుమాఱు పనికివచ్చినది. విమర్శకులకుఁ బనికిరాకపోవుట చింతనీయము. జీవికయుఁ బణ్యమును రెండును ధనము దెచ్చునవే. అయినను సూత్రకారుఁడు వానిని విడఁదీసెను. జీవికయందుఁ బ్రతిమ కర్తచేతనే యుండును. చూచువానికి దక్కునది దర్శనము. పణ్యమున బొమ్మ చేయి మాఱును. దానిని నెచట నుంచవలయునో, యేల యుంచవలయునో కొన్నవాఁడు నిర్ణయించును. కళ ధనమును దాఁకరాదని చెప్పువారును, కళయు నొక సరకే యని చెప్పువారును ఈ సూత్రమును మఱచినవారే.

ఇఁక తోలుబొమ్మలాటకు వత్తము. పదమూఁడవ శతాబ్ది నాఁటికే యీ విద్య తెలుఁగునాఁట నుండెననుటకుఁ బాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమును బరిశోధకులు సాక్ష్యముగాఁ జూపుదురు. అనంతపురపుఁ బ్రాంతమున దీనిని నిలిపిన కుటుంబములలోఁ బలువురు మరాఠీ నింటఁ బలుకుచు, తెరవెనుకఁ దెలుఁగు ద్విపద పాడువారు. ధర్మవరము కడనున్న నిమ్మలకుంట వారికిఁ బ్రధాననివాసము. ఆ యూరు 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినది. ఆంధ్రుల బొమ్మలు పెద్దవి. నిలువెత్తు బొమ్మలు గూడఁ గలవు. పూర్వము దేవతాపాత్రలకు జింకతోలు వాడెడివారు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత నది చెల్లలేదు. మేఁకతోలు నేఁడు ప్రధానము. తోలును వెలుఁగు చొచ్చునంత పలుచనగాఁ జేసి, రూపు గీసి, ఉలితోఁ జిల్లులు పొడిచి, రంగు లద్దుదురు. మెడ, భుజము, మోచేయి విడివిడిగాఁ జేసి కీళ్లవలె దారముతోఁ గట్టుదురు. పాడుటకుఁ బ్రధానముగ గోన బుద్ధారెడ్డి రంగనాథరామాయణము. నడుమ నడుమ జుట్టుపోలిగాఁడును, బంగారక్కయు, గేతిగాఁడును వచ్చి, ఊరి ముచ్చటలతో జనులను నవ్వింతురు.

ఇందుఁ బ్రతి యంశమును మఱియొక యంశముకొఱకుఁ బుట్టినది. ఆభరణములయందలి చిల్లులు తోలుమీఁది యలంకారములు గావు. దీపము వెనుక నున్నపుడు కిరీటము మెఱయుటకై యేర్పడిన త్రోవలు. మోచేతికడఁ గట్టు సంభాషణకై యేర్పడినది; చేయి కదలిన బొమ్మయే మాటాడుచున్న బొమ్మ యని చూపరి యెఱుఁగును. ద్విపదయు నట్లే. మూఁడింద్రగణములు, నొక సూర్యగణము గల పాదములు రెండింట నొక భావము ముగియును. కావున నాటగాఁడు ఏ ద్విపదకడ నైనను నిలిచి, వచనమునఁ బొడిగించి, హాస్యము చొప్పించి, మరలఁ గథ నందుకొనఁగలఁడు. సీసమునం దిట్లు చేయుట దుష్కరము. ఛందస్సును, కీలును, చిల్లును నొక్క పనికై కూడిన యిట్టి రచనను శిల్పులు తరతరములుగాఁ దీర్చిరి.

ఈ విద్యకు జీవిక యెట్లు నడచెను? ఊరివారు మేళమును బిలుతురు. ఇంటింట ధాన్యమో, రూకలో పోగుచేసి యిత్తురు. అనంతపురము జిల్లాలో సగటున నేఁటికి 550 మిల్లీమీటర్లకు మించి వాన కురియదు. వేరుసెనగ చేను ఆ వానమీఁదనే యాధారపడును. వాన రాని యేఁట విరాటపర్వము చదివించుటయో, యాడించుటయో మన పల్లెల నమ్మిక. అనఁగా నీ యాటకు బాడుగ యిచ్చినవాఁడు వినోదము నొక్కదానినే కొనలేదు. ఊరంతయుఁ గలిసి యొక మ్రొక్కును దీర్చుకొనెను. ఆట ముగిసినపిదప బొమ్మలు పెట్టెలోనికిఁ బోయెను. ఊరికి మిగిలినది కథ. పాణిని చెప్పిన జీవిక యిదియే.

సినిమా వచ్చినది, పిదప టెలివిజను వచ్చినది, పిలుపులు తగ్గినవి. కఱవుసీమలోఁ బిలుపు తగ్గుట యనఁగాఁ బస్తు. అప్పు డా చేతులే దీపపు గొట్టములను, గోడకుఁ దగిలించు పటములను, ద్వారమునకుఁ గట్టు తోరణములను జేయ నారంభించినవి. ప్రభుత్వ హస్తకళాసంస్థవారి లేపాక్షి విక్రయశాలలలో నవి యమ్ముడుపోయినవి. ఆంధ్రప్రదేశపుఁ దోలుబొమ్మలకు భౌగోళికసూచిక లభించినది. నిమ్మలకుంటకుఁ జెందిన దళవాయి చలపతిరావుగారిని 2020లో భారతప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. ఇవి సంతోషింపఁదగిన విషయములే. ఆఁకలిగొన్న శిల్పి దీపపు గొట్టము నమ్ముకొనె నని నిందించువాఁడు శాస్త్రము నెఱిఁగియు ధర్మము నెఱుఁగనివాఁడు. ఆ గొట్టముల రూకలతోఁ గడుపు నింపుకొనియే కొన్ని కుటుంబములు బొమ్మల పెట్టెలను గాపాడుకొనినవి.

అయినను విమర్శకుఁడు రూపమున వచ్చిన మాఱ్పును జూడకుండఁ గన్నులు మూసికొనరాదు. దీపపు గొట్టమునందలి సీత చేయి కదలదు. కావునఁ గీలు పోయినది. దీప మొక్కచోటనే నిలిచియుండును. కావునఁ జిల్లులకుఁ బని పోయి, నకాసీ మిగిలినది. గోడపటము కొనువాఁడు రావణుని నింటఁ బెట్టుకొన జంకును. కావున నెమళ్లును, దామరలును, ఏనుఁగులును బెరిగినవి. పూర్వపక్షము లేని రామాయణ మిది. బొమ్మతోపాటు పాట యమ్ముడుపోదు కావున గ్రంథము మొదటనే తొలఁగినది. భాష్యకారుఁడు చెప్పిన మూఁటిలోఁ జిత్రమొక్కటియే నిలిచినది. ఇది రామకము, సీతకము. రాముఁడును సీతయుఁ గారు.

ప్రదర్శనమందును నంగడి చొచ్చినది. ఉత్సవసభలలోను, యాత్రికుల విడుదులలోను గంటయో, యరగంటయో కాలమిత్తురు. రాత్రికి సరిపడు కథను గంటలోఁ గుదించుట యెట్లు? యుద్ధము మిగులును, నవ్వు మిగులును. కైక వరములును, భరతుని వేఁడికోలును, సముద్రతీరమున రాముని నిరీక్షణమును బోవును. కారణములు పోయి కార్యము మిగిలిన కథ కథ కాదు, కోలాహలము. నవ్వు సైతము చెడును. జుట్టుపోలిగాని మాట ఊరి కరణము నెఱిఁగిన యూరిలోఁ బదునుగ నుండును. ఊరు పేరెఱుఁగని సభలో నది వట్టి మోటుమాట. దీనికిఁ గారణము శిల్పి యశక్తత కాదు. గంటకుఁ గొలిచి కొన్నవాఁడు తనకుఁ దెలియకయే కథను గత్తిరించెను.

ఈ దుఃఖము మనకే కలిగినదని తలంపరాదు. అమెరికాలో గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసను అనువారు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పాత్రధారణక్రీడను వెలువరించిరి. మొదట నచ్చువేసినవి వేయి ప్రతులు. బల్లచుట్టును గొందఱు కూర్చుండి, పాచికలు వేయుచు, నొకఁడు సూత్రధారుఁడై కథ చెప్పఁగాఁ దక్కినవారు పాత్రలై నడపు నాట యది. ఆ సంస్థను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్టు కొనెను. దానిని 1999లో హాస్‌బ్రో యను నాటవస్తువుల మహాసంస్థ కొనెను. 2000లో నీ క్రీడానియమముల నాధారముగఁ గొని యెవరైనను గ్రొత్త కథలు రచించి యమ్ముకొనవచ్చునని యొక యనుమతిపత్రము వెలువడినది. 2023 జనవరిలో నా యనుమతిని బిగింపఁజూచిన ముసాయిదా బయటఁబడఁగా, నాడువారును చిన్న రచయితలును దిరుగఁబడిరి. ఆ నెలలోనే సంస్థ వెనుకకుఁ దగ్గి నియమముల మూలమును స్వేచ్ఛగా వాడుకొన విడిచిపెట్టెను. ఊరివారు తమ మ్రొక్కును దాము కాపాడుకొనిన తీరిది.

కంప్యూటరుమీఁద నాడు పాత్రధారణక్రీడల చరిత్ర మఱికొన్ని పాఠములు చెప్పును. అబ్సిడియన్ అను సంస్థ 2012లోఁ బెద్ద వర్తకుల నాశ్రయింపక, కిక్‌స్టార్టరు ద్వారమున నాడువారినే చందా లడిగెను. పదునొకండు లక్షల డాలర్లు కోరఁగా, సుమారు 74 వేలమంది సుమారు నలువది లక్షల డాలర్లిచ్చిరి. పిల్లర్స్ ఆఫ్ ఇటర్నిటీ యను నా కృతి 2015లో వెలువడినది. ఇంటింట ధాన్యము పోగుచేసి మేళమును బిలిచిన మన పల్లెకును దీనికిని భేదము దూరమొక్కటియే. కాని చందాదారుఁడును నొక విధమైన ప్రభువే. వారు ధనమిచ్చినది ప్రాత క్రీడలను బోలిన క్రీడకు. కావునఁ గర్త చేతులు ప్రాత దారిని గట్టువడినవి. 2018లో వెలువడిన రెండవ భాగ మాశించినంతగా నమ్ముడుపోలేదు. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు ఆ సంస్థను గొనెను.

ఇచట విజ్ఞులు గమనింపవలసిన వింత యున్నది. మహాసంస్థ చేతఁ జిక్కిన పిమ్మటనే, 2022లో, అందలి జాష్ సాయరు అను కర్త చిన్న బృందముతోఁ బెంటిమెంట్ అను కృతిని నిర్మించెను. పదునాఱవ శతాబ్దిని బవేరియా దేశమున నొక మఠములోఁ బుస్తకములకుఁ జిత్రములు వ్రాయు చిత్రకారుఁడు దీనికి నాయకుఁడు. పాత్రల పలుకులు తెరమీఁద లిపిరూపమున వ్రాయఁబడును. కర్షకునిదొక చేవ్రాలు, సన్న్యాసిది మఠపు లిపి, అచ్చుకూటమువానిది యచ్చు. వ్రాతప్రతులను ముద్రణము త్రోసిపుచ్చు కాల మందలి వస్తువు. ఇంత యల్పసంఖ్యాకులకై యుద్దేశింపఁబడిన కృతి మహాసంస్థ నీడలో నెట్లు పుట్టినది? నెలకొక మొత్తము చెల్లించినవారి కనేకక్రీడల నొసఁగు నేర్పాటు ఆ సంస్థకుఁ గలదు. అట్టిది లేకున్నఁ దా నీ కృతిని బ్రతిపాదించియే యుండనని సాయరు చెప్పియున్నాఁడు. ప్రతి కృతియుఁ దన వెలను దానే తేనక్కఱలేని చోటఁ గర్తకు నూపిరి దొరకును. రాజాస్థానమునఁ గవికి దొరకినదియు నిట్టి యూపిరియే.

మఱియొక యుదాహరణము దీనికి విరుద్ధము. ఎస్తోనియా దేశీయుఁడగు రాబర్ట్ కుర్విట్జ్ అను నవలాకారుఁడు మిత్రులతోఁ గూడి నిర్మించిన డిస్కో ఎలీసియం 2019లో వెలువడి, రచనాగౌరవముచేతనే లోకప్రసిద్ధి నందినది. ఆ రచయితయు, ముఖ్యసహచరులును ఆ సంస్థలో లేరని 2022లో వెల్లడియైనది. వ్యాజ్యములలో న్యాయ మెవరిదన్నది నా విచారము కాదు. కథాలోకమును గన్నవాఁ డొకచోటను, దానిపై హక్కు మఱియొకచోటను నుండుట యిందుఁ గనఁబడుచున్నది. పెట్టె యొకరియింటను, ద్విపద యొకరి నోటను నున్న మేళ మెట్లాడును?

ఇచట నొక యాక్షేపము రావచ్చును. అచ్చుపుస్తకమును గంప్యూటరు క్రీడయుఁ బ్రతులుగా నమ్మఁబడునవే గదా. సూత్రము ప్రకార మవి యన్నియుఁ బణ్యములే గదా యని. నిజము. ప్రతి యమ్ముడుపోవుట తప్పు కాదు. కావున సూత్రభావమును బ్రతికిఁ గాక, రూపనిర్ణయాధికారమునకు నన్వయించుకొనవలెను. కథ యెచట మొదలై యెచట ముగియవలెనో కర్త నిర్ణయించునంతవఱకు నతని సంపాదన జీవిక. ఆ నిర్ణయము కొనువాని చేతికిఁ బోయిననాఁడు కృతి పణ్యము. మమ్మటుఁడు కావ్యప్రయోజనములలో ధనమును సంకోచింపక లెక్కించెను. శ్రీనాథుఁడు ప్రభువుల నాశ్రయించి కృతు లిచ్చెను. పోతన భాగవతమును శ్రీరామున కంకితము చేసెను. మన మిరువురను జదువుచున్నాము. శ్రీనాథుని సీసపు నడకను ఏ రెడ్డిరాజును దిద్దలేదు. ధనము పుచ్చుకొనుటలోఁ గాదు, పాదము నప్పగించుటలోఁ బతనమున్నది.

ఇట్లు చూచినఁ దోలుబొమ్మలాటకు మనము చేయఁగలిగినది స్పష్టము. ప్రభుత్వపుఁ గొనుగోళ్లలో దీపపు గొట్టములతోపాటు కీళ్లుగల యాటబొమ్మలకును స్థాన మీయవలెను. అట్లైనఁ గుఱ్ఱవాని చేతికిఁ గీలు గట్టు విద్య దక్కును. సాహిత్యసభలు మేళమును బిలిచినపుడు గంటకుఁ గాక రాత్రికిఁ బిలువవలెను. ఏ కథ, యెంత కథ యన్నది మేళపెద్దకు విడువవలెను. ఆటగాండ్ర నోటనున్న పాఠము బుద్ధారెడ్డి గ్రంథముతో నెచట నేకీభవించునో, యెచట భేదించునో మనవంటి పరిశోధకసమాజములు రాత్రివెంబడి రాత్రి వ్రాసికొనవలెను. ఆ భేదములే యీ విద్యకు స్వంతమైన సాహిత్యము. పాఠశాలా పండితులు ద్విపదలక్షణము చెప్పుదినమున నల్లబల్లమీఁది గణవిభజనతోఁ దృప్తిపడక, పిల్లలచేత నొక ఘట్టమును బాత్రలు పంచుకొని యాడింపవలెను. ఆటలో రావణుఁడైన బాలుఁడు ఛందస్సును మఱవఁడు.

మా సీమలో వాన యెప్పుడు వచ్చునో యెవరును జెప్పలేరు. రాని యేఁట విరాటపర్వ మాడించుటకుఁ బిలువఁదగిన మేళ మొకటి యుండునా లేదా యన్నది మాత్రము మన చేతిలో నున్నది. బొమ్మలకు గిరాకి యున్నది, బిరుదము లున్నవి, సూచికయు నున్నది. లేనిది రాత్రి. ఆ యొక్క రాత్రిని ఊరును, సభయు, బడియు నిచ్చెనేని, ‘క’ ప్రత్యయము తనంతఁ దాన లోపించును. తెరమీఁద మరల రాముఁడే నిలుచును.